వేరు పట్టుకున్న ఎల్లిస్ దొర



తెలుగుకు సేవ చేసిన తెల్లదొర ఎవరంటే మనందరం ఠక్కున సి.పి. బ్రౌన్ పేరు చెబుతాం. అది న్యాయమే. కానీ 1817లో బ్రౌన్ కుర్రవాడిగా మద్రాసులో దిగేనాటికే అక్కడ మరొక దొర తెలుగు మాటల వేర్లు తవ్వి చూసి ఉన్నారు. తెలుగు ఎవరి బిడ్డ, ఎవరి తోబుట్టువు అనే ప్రశ్నకు సరైన జవాబు అచ్చు వేయించారు. ఆయన పేరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. భాషాశాస్త్రం చదివేవారికి బాగా తెలిసిన పేరు. పదో తరగతి, ఇంటర్ చదివే మన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా ఆయన కథ తెలియాలి. ఎందుకంటే అది మాటలు నేర్చుకునే ఉపాయం చెప్పే కథ. మన ఇంటి మాటకు ఉన్న విలువ చెప్పే కథ కూడా.

మేము పి.జి. చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి తరం మాదే. మీలో చాలామంది పరిస్థితి కూడా ఇదేనని మాకు తెలుసు. తెలుగు మీడియంలో చదివి పై చదువులకు వెళ్ళినప్పుడు మనల్ని మొదట భయపెట్టేది లెక్కలూ కాదు, సైన్సూ కాదు. మాటలు. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే పేజీకి ఇరవై తెలియని మాటలు. డిక్షనరీ ముందు పెట్టుకుని ఒక్కొక్క మాటా బట్టీ పట్టడం, తెల్లవారేసరికి మరచిపోవడం. ఈ బాధకు 200 ఏళ్ళ క్రితమే ఒక మందు దొరికింది.

మద్రాసుకు వచ్చిన కుర్రవాడు

ఎల్లిస్ 1777లో జన్మించారు. 1796లో, ఇంకా 20 ఏళ్ళు నిండకముందే, ఈస్టిండియా కంపెనీలో రైటరు ఉద్యోగంతో మద్రాసు చేరారు. రైటరు అంటే గుమాస్తా. కంపెనీ ఉద్యోగంలో అది మొదటి మెట్టు. ఆ మెట్టు నుంచి ఎదిగి రెవెన్యూ బోర్డుకు కార్యదర్శి అయ్యారు. 1806లో మచిలీపట్నంలో జిల్లా జడ్జిగా నియమితులయ్యారు. 1810లో మద్రాసు కలెక్టరు అయ్యారు. తమిళం, తెలుగు, సంస్కృతం శ్రద్ధగా నేర్చుకున్నారు. తిరుక్కురళ్‌లో కొంత భాగాన్ని ఇంగ్లీషులోకి అనువదించి వ్యాఖ్య రాశారు. 1818లో మద్రాసులో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బావులు తవ్వించారు. నీటి కోసం ఎదురుచూడడం అంటే ఏమిటో తెలిసిన కొండాపురం వాళ్ళం కాబట్టి, ఈ ఒక్క పని చాలు ఆయన మీద మనకు గౌరవం కలగడానికి.

కంపెనీ దొరలందరూ ఇలా ఉండేవారు కాదు. పన్నులు వసూలు చేయడానికి, తీర్పులు చెప్పడానికి వచ్చినవారు వాళ్ళు. భాష రాకపోతే దుబాసీ చెప్పిందే వేదం. రైతు ఒకటి చెబితే దొర చెవికి మరొకటి చేరేది. కాబట్టి కుర్ర ఉద్యోగులకు దేశభాషలు నేర్పాలని మద్రాసు ప్రభుత్వం 1812లో సెయింట్ జార్జి కోట కళాశాలను స్థాపించింది. దాని వెనుక ముఖ్యమైన మనిషి ఎల్లిస్. చెన్నై నుంగంబాకంలో ఇప్పటికీ ఉన్న కాలేజ్ రోడ్డుకు ఆ పేరు వచ్చింది ఈ కళాశాల వల్లనే. మన ప్రాంతం నుంచి చెన్నైకి వెళ్ళి పనులు చేసుకుంటున్న అన్నలు ఆ దారిన పోయేటప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోవచ్చు.

ఒక చిక్కు, ఒక ఉపాయం

ఆనాటి మద్రాసు రాష్ట్రంలో మన నెల్లూరు ఉంది, కన్నడం మాట్లాడే ప్రాంతాలున్నాయి, తమిళం మాట్లాడే మధుర ఉంది. ఒక కుర్ర దొర ఎంతో కష్టపడి తెలుగు నేర్చుకుని నెల్లూరులో ఉద్యోగం చేస్తుంటాడు. రెండేళ్ళకు మధురకు బదిలీ అవుతుంది. మళ్ళీ అ, ఆ ల నుంచి మొదలుపెట్టాలా? ఇదీ చిక్కు.

ఈ కుర్రవాళ్ళలో చాలామందికి ఇంటి దగ్గర లాటిన్ చదువుకున్న అలవాటు ఉంది. లాటిన్ ఒకప్పుడు రోమన్ సామ్రాజ్యపు భాష. దాని నుంచి పుట్టినవే ఇటాలియన్, స్పానిష్, ఫ్రెంచ్, పోర్చుగీసు, రుమేనియన్ భాషలు. వీటిని రోమాన్స్ భాషలంటారు. లాటిన్ వేరు తెలిసినవాడికి ఈ భాషల మాటలు కొత్తగా అనిపించవు. చూడండి. రాత్రిని లాటిన్‌లో నొక్తె అంటారు. ఇటాలియన్‌లో అది నొత్తె, స్పానిష్‌లో నోచె, ఫ్రెంచ్‌లో న్యుయి. పాలు లాటిన్‌లో లక్తె. ఇటాలియన్‌లో లత్తె, స్పానిష్‌లో లెచె, ఫ్రెంచ్‌లో లే. ఎనిమిది లాటిన్‌లో ఒక్తో. ఇటాలియన్‌లో ఒత్తొ, స్పానిష్‌లో ఒచొ, ఫ్రెంచ్‌లో యుయిత్. లాటిన్‌లో 'క్త' ఉన్నచోట ఇటాలియన్‌లో 'త్త', స్పానిష్‌లో 'చ' వస్తున్నాయి. మూడు మాటలు చూస్తే సూత్రం దొరికింది. సూత్రం దొరికితే నాలుగో మాటను బట్టీ పట్టనక్కరలేదు, ఊహించవచ్చు.

దక్షిణాది భాషలకు కూడా ఇలాంటి సూత్రాలు ఉన్నాయా అన్నది ఎల్లిస్ ముందున్న ప్రశ్న. ఉంటే ఒక భాష నేర్చుకున్నవాడు రెండోది సగం శ్రమతో నేర్చుకోవచ్చు.

తెలుగు సంస్కృతం బిడ్డేనా?

ఇక్కడ ఒక పెద్ద అడ్డంకి ఉంది. 1786లో సర్ విలియం జోన్స్ కలకత్తాలో చేసిన ప్రసంగంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయని ప్రతిపాదించారు. అది గొప్ప మాట. మన 'విద్య'లోని 'విద్' ధాతువుకు, 'వీడియో'లోని లాటిన్ ధాతువుకు మూలం ఒకటే. ఒకటి తెలుసుకోవడం, మరొకటి చూడడం. కానీ ఆ తరువాత చాలామంది పండితులు భారతదేశంలోని భాషలన్నీ సంస్కృతం నుంచే పుట్టాయని అనుకున్నారు. బెంగాలులోని శ్రీరాంపూర్‌లో విలియం కేరీ 1814లో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించారు. ఆయనదీ అదే అభిప్రాయం. అంటే రోమాన్స్ భాషలకు లాటిన్ ఎలాగో, తెలుగుకు సంస్కృతం అలాగని.

ఎల్లిస్ దీన్ని ఒప్పుకోలేదు. అయితే ఊరికే కాదన్నారా? లేదు. లెక్క వేసి చూపించారు. 1816లో కళాశాల బోర్డు కార్యదర్శి ఎ.డి. కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం మద్రాసులో అచ్చయింది. దాని పీఠికకు అనుబంధంగా ఎల్లిస్ ఒక వ్యాసం చేర్చారు. అందులో ఆయన మూడు అంచెలుగా నడిచారు. మొదట సంస్కృత ధాతువులను, తెలుగు ధాతువులను పక్కపక్కన పెట్టి చూపారు. రెండూ కలవలేదు. తరువాత తెలుగు ధాతువుల పక్కన తమిళ, కన్నడ ధాతువులు పెట్టారు. అవి కలిశాయి. రెండో అంచెలో మాటలను పోల్చారు. మూడో అంచెలో ఒకే వాక్యాలను మూడు భాషల్లో రాసి, వాక్య నిర్మాణం ఎలా ఒకే తీరుగా నడుస్తుందో చూపారు. తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం, తుళు, కొడగు ఒక కుటుంబమని తేల్చారు. రాబర్ట్ కాల్డ్‌వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ప్రచురించడానికి ఇది సరిగ్గా 40 ఏళ్ళ ముందు.

మరి తెలుగులో అన్ని సంస్కృత పదాలు ఎందుకున్నాయి? దీనికి ఇంగ్లీషే మంచి ఉదాహరణ. ఇంగ్లీషులో లాటిన్ మాటలు వేలకు వేలు. అయినా ఇంగ్లీషు లాటిన్ బిడ్డ కాదు, జర్మన్ కుటుంబానికి చెందినది. హ్యాండ్, ఐ, వాటర్, మిల్క్ దాని సొంత మాటలు. హాస్పిటల్, సైన్స్, జస్టిస్ తెచ్చుకున్నవి. తెలుగూ అంతే. చేయి, కన్ను, నీళ్ళు, పాలు మన సొంతం. హస్తం, నేత్రం, జలం, క్షీరం తెచ్చుకున్నవి. తెచ్చుకోవడం తప్పు కాదు, తక్కువా కాదు. కానీ అరువు తెచ్చుకున్న సొమ్ము చూసి వంశం నిర్ణయించకూడదు.

వెనుక ఉన్న తెలుగువాళ్ళు

ఈ పని ఎల్లిస్ ఒక్కరే చేశారనుకుంటే పొరపాటు. కళాశాలలో సంస్కృతాంధ్ర ప్రధాన పండితుడు పట్టాభిరామశాస్త్రి తెలుగు ధాతువులను వరుసగా చేర్చి ధాతుమాల కూర్చారు. ఎల్లిస్ పోలికకు ఆధారం ఆ పట్టికే. మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక అనే నిఘంటువు రచించారు. ఆయన కోమటి కులస్థుడు. శాస్త్ర పాండిత్యం ఒక కులానికే పరిమితమని లోకం భావించిన రోజుల్లో నిఘంటువు రాసి నిలబడ్డ మనిషి. ఎల్లిస్ తన వ్యాసంలో వెంకయ్య రాసినదాన్ని ప్రమాణంగా తీసుకున్నారు.

తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అనే విభాగాలు మన వ్యాకరణంలో చదువుకున్నవే. ప్రకృతి వికృతులు రాయమని పరీక్షలో మార్కులకు ఇస్తారు కదా, అదంతా ఈ విభజనలో భాగమే. తత్సమం, తద్భవం సంస్కృత ప్రాకృతాల నుంచి వచ్చినవి. దేశ్యం ఇక్కడిది. మన పాత వ్యాకర్తలు ఎప్పుడో గీసిన ఈ గీత విలువను ఎల్లిస్ గుర్తించారు. దేశ్యమే తెలుగుకు పునాది, మిగిలినవి దాని మీద చేరినవి అని వాదించారు. మార్కుల కోసం మనం బట్టీ పట్టే పాఠం ఒక గొప్ప పరిశోధనకు మెట్టుగా ఉపయోగపడింది.

మన ఇంటి మాటల బలం

ఇప్పుడు మనమే ఆ పద్ధతి ప్రయత్నిద్దాం. ఈ కింది ఉదాహరణలు ఎల్లిస్ పుస్తకంలోవి కావు, ఇవాళ అందరికీ తెలిసిన మాటల నుంచి మేము ఏరినవి.

తెలుగులో మాట మొదట 'ప' ఉంటే కన్నడంలో తరచు 'హ' అవుతుంది. పాలు హాలు, పులి హులి, పాము హావు, పంది హంది, పండు హణ్ణు, పల్లి హళ్ళి, పొలం హొల. తమిళంలో 'ప' అలాగే ఉంటుంది. పాల్, పులి, పాంబు, పన్ఱి. విచిత్రమేమిటంటే లాటిన్ నుంచి స్పానిష్ పుట్టేటప్పుడు కూడా ఇలాంటిదే జరిగింది. లాటిన్ మాట మొదట ఉన్న 'ఫ' స్పానిష్‌లో 'హ' అయింది. పిండిని లాటిన్‌లో ఫరీనా అంటే స్పానిష్‌లో 'హ' అక్షరంతో హరీనా అని రాస్తారు. ఇప్పుడు ఆ 'హ'ను పలకడం కూడా మానేశారు.

తెలుగులో 'చ' ఉన్న కొన్ని మాటలకు కన్నడంలో 'క' ఉంటుంది. చెవి కివి, చెరువు కెరె, చేయి కై. తెలుగులో 'డ' ఉన్నచోట తమిళంలో 'ళ'కు దగ్గరగా ఉండే ఒక ప్రత్యేక ధ్వని ఉంటుంది. ఏడు ఏళు, కోడి కోళి, నీడ నిళల్. తమిళంలో మొదట ఉన్న అచ్చు తెలుగులో వెనక్కి జరిగిన మాటలు కొన్ని ఉన్నాయి. ఇరండు మన రెండు, ఉరల్ మన రోలు, ఉళ్ మన లో.

ఒక్కసారి ఈ పట్టికలోని మాటలు మళ్ళీ చూడండి. పాలు, పాము, పంది, పొలం, చెరువు, కోడి, రోలు. ఇవి సభల్లో మాట్లాడే మాటలు కావు. మన అమ్మలు, అవ్వలు రోజూ మాట్లాడే మాటలు. కూలికి పోయేచోట, గొడ్ల దగ్గర, పొయ్యి దగ్గర పలికే మాటలు. చదువుకున్నవాళ్ళ మధ్య కూర్చున్నప్పుడు మన యాస బయటపడుతుందేమోనని మనం నోరు కట్టేసుకుంటాం. కానీ తెలుగు తన కాళ్ళ మీద తాను నిలబడిన భాష అని రుజువు చేసినవి పండితుల సమాసాలు కావు, ఈ మాటలే. చదువు రాని మన పెద్దలు ఆ సాక్ష్యాన్ని నాలుక మీద కాపాడి మనకిచ్చారు. మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి బతుకుతెరువు కోసం చెన్నైకి, బెంగళూరుకు వెళ్ళినవాళ్ళు పుస్తకం ముట్టకుండానే కొద్ది నెలల్లో అక్కడి భాష పట్టుకోవడానికి ఒక కారణం కూడా ఇదే.

రెండు తాళంచెవులు

ఎల్లిస్ పద్ధతి నుంచి మనం నేర్చుకోవలసింది ఇది. తెలుగు వచ్చినవాడి చేతిలో రెండు తాళంచెవులున్నాయి. దేశ్య పదాల తాళంచెవి తమిళ, కన్నడ, మలయాళాల తలుపు తీస్తుంది. సంస్కృత పదాల తాళంచెవి హిందీ, మరాఠీ, బెంగాలీల తలుపు తీస్తుంది. 'విద్' అనే ఒక్క ధాతువు తెలిస్తే విద్య, విద్యార్థి, విద్యాలయం, విద్వాంసుడు అన్నీ వస్తాయి.

ఇంగ్లీషుకు మూడో తాళంచెవి లాటిన్. 'పోర్ట్' అంటే మోయడం. పోర్టర్, ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్ అన్నీ దాని పిల్లలే. 'స్క్రిబ్' అంటే రాయడం. డిస్క్రైబ్, ప్రిస్క్రిప్షన్, మాన్యుస్క్రిప్ట్ దాని నుంచే వచ్చాయి. 'స్పెక్ట్' అంటే చూడడం. ఇన్‌స్పెక్టర్ లోపలికి చూసేవాడు, స్పెక్టేటర్ ఆటను చూసేవాడు. అంతెందుకు, మనం ఉంటున్న హాస్టల్ అనే మాటే తీసుకోండి. లాటిన్‌లో 'హోస్పెస్' అంటే అతిథి అనీ అర్థమే, అతిథికి ఆశ్రయమిచ్చేవాడు అనీ అర్థమే. హాస్టల్, హోటల్, హాస్పిటల్ మూడూ ఆ ఇంటివే. హాస్టల్ పిల్లలం మనం అనాథలం కాదు, అసలు అర్థం ప్రకారం అతిథులం.

అయితే ఒక జాగ్రత్త. వేరు దారి చూపుతుంది గానీ అర్థం ఒక్కోసారి పక్కదారి పడుతుంది. ఫ్రెంచ్‌లో లిబ్రెరీ అంటే లైబ్రరీ కాదు, పుస్తకాల దుకాణం. వెళ్ళం అంటే మలయాళంలో నీళ్ళు, తమిళంలో వరద. అవ్వ అంటే మనకు నాయనమ్మో అమ్మమ్మో, కన్నడ పల్లెల్లో అమ్మ. కాబట్టి వేరుతో ఊహించాలి, వాక్యంలో పెట్టి సరిచూసుకోవాలి. ఎల్లిస్ మూడో అంచెలో వాక్యాలను పోల్చింది అందుకే.

సగంలో ఆగిన జీవితం

40 ఏళ్ళు నిండేవరకు పెద్ద గ్రంథాలేవీ ప్రచురించకూడదని ఎల్లిస్ నియమం పెట్టుకున్నారని చెబుతారు. పూర్తిగా నేర్చుకున్నాకే రాయాలన్నది ఆయన పట్టుదల. కానీ 1819 మార్చి 10న రామనాథపురంలో అకస్మాత్తుగా మరణించారు. అప్పటికి ఆయనకు 40 ఏళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు. ఏళ్ళ తరబడి రాసుకున్న కాగితాలు చాలావరకు నాశనమయ్యాయి. వాటిలో కొన్ని మధురలో ఒక దొర వంటింట్లో పొయ్యి రాజేయడానికి వాడేశారని కథ ప్రచారంలో ఉంది. అచ్చయిన ఆ 1816 నాటి వ్యాసం ఒక వ్యాకరణ పుస్తకం ముందు పేజీల్లో ఉండిపోయింది. కీర్తి అంతా కాల్డ్‌వెల్‌కు దక్కింది. కళాశాల కూడా 1854లో మూతపడింది.

అయినా వేరు చావలేదు. 1961లో బరో, ఎమెనో కలిసి ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు ప్రచురించారు. అదే ఏడాది మన పొరుగున ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు ధాతువుల మీద చేసిన పరిశోధన పుస్తకంగా వచ్చింది. 2006లో అమెరికా చరిత్రకారుడు థామస్ ట్రాట్‌మన్ ఎల్లిస్, ఆయన పండితుల కృషి మీద ఒక గ్రంథమే రాశారు. దాదాపు రెండు శతాబ్దాల తరువాత ఆ పేర్లు మళ్ళీ వెలుగులోకి వచ్చాయి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ జీవితం నుంచి మనం రెండు సంగతులు పట్టుకుందాం. ఒకటి, మాటను కాదు, వేరును నేర్చుకుందాం. ఒక నోటుబుక్కు పెట్టుకుని పేజీకి ఒక వేరు చొప్పున రాసుకుంటూ పోతే సంవత్సరం తిరిగేసరికి అది మీ సొంత నిఘంటువు అవుతుంది. రెండోది, తెలిసింది తెలిసినట్టు రాసి పదిమంది చేతిలో పెడదాం. అంతా వచ్చాక రాద్దామని కూర్చుంటే ఎల్లిస్ అంతటివారి కాగితాలే పొయ్యి పాలయ్యాయి. మన ఊళ్ళలో అవ్వలు, తాతలు మాట్లాడే మాటలు ఎన్నో ఏ నిఘంటువులోనూ ఉండకపోవచ్చు. వచ్చే సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు సేద్యం మాటలు, వంట మాటలు, గొడ్ల పేర్లు, రోగాల పేర్లు వాళ్ళనడిగి రాసుకురండి. వచ్చే ఏటి సంచికలో వాటికి నాలుగు పేజీలు కేటాయించమని సంపాదక వర్గాన్ని ఇప్పుడే కోరుతున్నాం.